లిరికోను అడగడానికి వెళ్ళిన పెద్దమనుషులు

శాన్ ఆంటోనియోకి బయల్దేరేలోపు నేను చేయాల్సిన పనులు ఇవి. దోన్ ఎలియొదోరో నల్లకోటు ఇస్త్రీకి వేసి తేవడం. దాని చేతులు కొంచెం లోపలికి మడిచి కుట్టించడం, ఎందుకంటే తొడుక్కునేది ఆయన కాదు, బార్బర్ షాపు దోన్ క్రిసోఫొరో. బేకరీలో తీపి రొట్టెలు చెప్పి, బుట్టలో సర్ది, మా అమ్మ పెళ్ళినాటి అల్లికగుడ్డ కప్పడం. నా పాత కారుకి ముందు టైరు మార్పించడం. కంపెనీ ఆఫీసులో మమ్మల్ని కలవబోయే మనిషి పేరు సరిగ్గా పలకడం దోన్ క్రిసోఫొరోకి నేర్పడం. ఆదివారం పూజ అయ్యాక పాద్రి గారి దీవెన తీసుకోవడం. మా ఆఫీసులో ఒకరోజు సెలవు అడగడం. అన్నిటికంటే ముఖ్యం, ఈ సంగతి పూలకొట్టు అంపారో చెవిన పడకుండా చూడడం.

చివరిది తప్ప అన్నీ అయ్యాయి. లా నోరియా లాంటి చిన్న ఊళ్ళో బార్బర్ కోటు కుట్టించుకుంటున్నాడంటే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది.

మేం వెళ్తున్నది ఒక సినిమా హాలుని అడగడానికి. మా వైపు, మెక్సికో సరిహద్దు నదికి ఇవతల టెక్సస్ కొసన, పిల్లనడగాలంటే పెళ్ళికొడుకు వెళ్ళడు. ఇద్దరు పెద్దమనుషుల్ని పంపుతాడు. వాళ్ళు శుభ్రమైన బట్టలు కట్టుకుని వెళ్ళి, ముందు యోగక్షేమాలు అడిగి, తర్వాత అసలు మాట ఎత్తుతారు. పిల్ల తండ్రి అప్పటికప్పుడు ఔననడు, కాదనడు. గడువు పెడతాడు. ఆ గడువు తీరేదాకా పెళ్ళికొడుకు ఆ వీధి ఛాయలకు పోకూడదు. ఇష్టం లేకపోతే అతని గుమ్మం ముందు గుమ్మడికాయ పెట్టి పోతారు. ఔనో కాదో, జవాబు మాత్రం తప్పకుండా వస్తుంది. ఈ పద్ధతి ఇప్పుడు చాలామటుకు పోయింది. మేమంతా గౌరవంగా దోన్ అని పిలిచే ఎలియొదోరో కవాసోస్‌కి మాత్రం పోలేదు.

ఆయన మొదట పత్తి తీసే కూలీల శిబిరాల్లో గుడారం వేసి స్పానిష్ సినిమాలు ఆడించేవాడు. తర్వాత ఒక ఊళ్ళో హాలు కట్టాడు, పక్క ఊళ్ళో ఇంకొకటి కొన్నాడు. సినిమాలు పంపే ఏజెంట్లు కొత్త బొమ్మ ఎప్పుడూ ఎక్కువ హాళ్ళున్నవాడికే ముందిస్తారు. కొత్త బొమ్మ ముందొస్తే జనం అక్కడికే పోతారు. పక్కవాడి హాలు మెల్లగా ఎండిపోయి అమ్మకానికి వస్తుంది. అలా సముద్రం ఒడ్డు నుంచి ఎగువన పశువుల రాంచుల దాకా ఏడు ఊళ్ళలో ఆయన పేరు కనపడేది. మా అమ్మ ఒర్తెన్సియా పెళ్ళికి ముందూ తర్వాతా ఆయన దగ్గరే టికెట్లు ఇచ్చింది.

లా నోరియాలో మాత్రం హాలు ఆయనది కాదు. మెయిన్ వీధిలో ఉన్న లిరికో హాలు బాల్దొమేరో ఒలివారెస్‌ది. సొంత చేతులతో తెర కుట్టి, ముందు గోడ మీద నీలిరంగు పెంకులు తానే అతికించుకున్న మనిషి. ఇద్దరూ స్నేహితులు. బాల్దొమేరో కూతురు అంపారోకి బాప్తిస్మం ఇచ్చినప్పుడు తొట్టి దగ్గర ఎత్తుకున్నది దోన్ ఎలియొదోరోనే. అంటే ఆ పిల్లకి జ్ఞానతండ్రి. అప్పట్నుంచి ఇద్దరు మగవాళ్ళూ ఒకరినొకరు కొంపాద్రె అని పిలుచుకోవాలి, ‘మీరు’ అనే అనాలి. రక్తసంబంధం తెగినా ఆ సంబంధం తెగకూడదంటారు మావాళ్ళు.

కొంపాద్రె హాలు కొనాలనుకున్నప్పుడు దోన్ ఎలియొదోరోకి సిగ్గనిపించింది. ఎదురుగా కూచుని బేరమెలా ఆడతాడు? అందుకని ఇద్దరు పెద్దమనుషుల్ని పంపాడు. వాళ్ళలో చిన్నవాడు క్రిసోఫొరో. పిల్లనడిగినట్టే అడిగారు. బాల్దొమేరో గడువు పెట్టాడు. కొత్త బొమ్మలు తన హాలుకి రావడం మానేసి అప్పటికే చాలాకాలమైంది. గడువు తీరాక ఔనన్నాడు. హాలు అమ్మి, అదే హాల్లో మేనేజరుగా ఉండిపోయాడు.

కొన్నేళ్ళకు దోన్ ఎలియొదోరో హైవే పక్కన రెండు తెరల కొత్త హాలు కట్టాడు. లిరికో మూతపడింది. భవనాన్ని చెప్పుల కొట్టు వాళ్ళకు అమ్మేటప్పుడు లాయరు ఒక సలహా ఇచ్చాడు. పెద్ద కంపెనీలన్నీ చేసేదే అది. పాత హాలు అమ్మితే, దాంట్లో మళ్ళీ ఎవరూ సినిమా ఆడించకూడదని దస్తావేజులోనే షరతు రాయించుకుంటారు. ఖాళీ హాలు కనిపిస్తే ఎవడో ఒకడు బొమ్మ వేస్తాడు కదా. దోన్ ఎలియొదోరో యాభై ఏళ్ళకు రాయించాడు. ఆ ‘ఎవడో ఒకడు’ ఎవరవుతాడో ఆయనకీ తెలుసు, ఊరికీ తెలుసు.

బాల్దొమేరో పోట్లాడలేదు. తర్వాతి ఆదివారం చర్చి మెట్ల మీద ఎదురైనప్పుడు తలమీద టోపీ తీసి, “నమస్కారం, సెన్యోర్ కవాసోస్” అన్నాడట. అంతే. కొంపాద్రె అనే మాట ఆ తర్వాత ఆయన నోట ఎవరూ వినలేదు.

కాలం గడిచింది. ఉత్తరాది పెద్ద కంపెనీ ఒకటి వచ్చి దోన్ ఎలియొదోరో హాళ్ళన్నిటినీ ఒకేసారి కొంది. కొన్నాక ఒక్కొక్కటే మూసేసింది. వాళ్ళకి ఎనిమిది హాళ్ళు అక్కర్లేదు, ఎనిమిది ఊళ్ళ జనం కావాలి. దగ్గర్లోని పెద్ద ఊరు మకాలెన్ మాల్‌లో ఇరవై తెరలు కట్టారు. అన్నిట్లోనూ ఇంగ్లీషు బొమ్మలే. ముసలివాళ్ళు సినిమాకి పోవడం మానేశారు.

నేను ఈ కథలోకి వచ్చేది ఇక్కడ. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటిదాన్ని నేనే. పేరు నోయెలియా. ఇళ్ళూ భూములూ చేతులు మారేముందు పాత దస్తావేజులు చదివి పేచీలున్నాయో లేదో చెప్పే ఆఫీసులో పని. చెప్పుల కొట్టు ఎత్తేశాక ఆ భవనాన్ని అంపారో కొంది. పూలకొట్టు మీద దాచుకున్నదంతా పెట్టింది. శనాదివారాలు పాత స్పానిష్ బొమ్మలు వేయాలని, నాన్నను ముందు వరసలో కూచోబెట్టాలని ఆమె ఆశ. షరతు ఉందని ఆమెకి చదివి వినిపించింది నేనే.

అంపారో చాలాసేపు నవ్వింది. “చూశావా నోయెలియా, నా జ్ఞానతండ్రి ఎంత ముందుచూపు గల మనిషో. బాప్తిస్మానికి వెండి పతకం ఇచ్చాడు, పెద్దయ్యాక ఉంటుందని ఇదిచ్చాడు” అంది. నవ్వడం ఆపాక, “మా నాన్నకి చెప్పకు” అంది.

ఆ తర్వాతి వారమే దోన్ ఎలియొదోరో మా ఆఫీసుకి వచ్చాడు. ఎనభై దాటినా నిటారుగా నడుస్తాడు. టోపీ మోకాలి మీద పెట్టుకుని కూచున్నాడు.

“ఒర్తెన్సియా కూతురివి. చదువుకున్నదానివి. ఆ షరతు తీసెయ్ అమ్మాయ్” అన్నాడు.

“నేను తీసేది కాదండీ.”

“పెట్టింది నేనే కదా. నేను తీసేస్తున్నాను. ఎక్కడ సంతకం చెయ్యమంటావో చెప్పు.”

“పెట్టింది మీరేనండీ. కానీ తర్వాత వ్యాపారం మొత్తం అమ్మేశారు కదా. దాంతోపాటు ఈ షరతు మీద హక్కు కూడా వాళ్ళకి పోయింది.”

“నేనమ్మింది కుర్చీలు, మెషీన్లు, తెరలు, పాప్‌కార్న్ బాణలి. నా మాట నేనెప్పుడూ అమ్మలేదు.”

“కాయితంలో ‘సమస్త హక్కులు’ అని ఉందండీ.”

“సమస్తం అంటే ఇదీ అందులోనేనా?”

“ఇదీ అందులోనే.”

ఆయన టోపీ అంచుని వేళ్ళతో తిప్పుతూ కూచున్నాడు. “బాల్దొమేరోకి పక్షవాతం వచ్చిందటగా” అన్నాడు చివరికి. “నేను ఆ ఇంటికి వెళ్ళాలి. ఆ షరతు తీసేయించి, ఆ కాయితం చేతిలో పట్టుకుని వెళ్ళాలి. వేరే ఏ మొహం పెట్టుకుని వెళ్తాను?”

“ఉత్తరం రాద్దామండీ కంపెనీకి.”

“ఉత్తరం రాసి పిల్లనడుగుతారా ఎవరైనా?”

అలా మొదలైంది. నేను ఆడదాన్ని, వయసులో చిన్నదాన్ని, ఈ పనికి పనికిరానని చెప్పి చూశాను. “నీకు వాళ్ళ భాష వచ్చు, కాయితాలు వచ్చు. క్రిసోఫొరోకి మర్యాద వచ్చు. ఇద్దరూ కలిస్తే ఒక పెద్దమనిషి లెక్క” అన్నాడు. ఇంటికి వచ్చి అమ్మకి చెప్తే, “ఆయన అడిగితే కాదనకే. నిన్ను ఒళ్ళో పడుకోబెట్టుకుని టికెట్లు ఇచ్చిన రోజుల్లో ఆయన ఒక్క మాట అనలేదు” అంది. ఒప్పుకున్నాను.

దారి పొడుగునా దోన్ క్రిసోఫొరో బుట్టని ఒళ్ళోంచి దింపలేదు. కోటు బిగుతైంది. మెడ తిప్పాలంటే మొత్తం మనిషి తిరగాల్సి వస్తోంది.

“బ్రాడ్లీ” అన్నాను, మళ్ళీ నేర్పుతూ.

“బ్రాద్లీ. ఇలాంటి పేరున్నవాడికి తల దువ్వడం కూడా కష్టమే” అన్నాడు. కమలా తోటలు దాటి ఎండిన పొలాల్లో పడ్డాక ఆయన గొంతు తగ్గింది. “అప్పుడు నేను ఒక మాట అన్నాను నోయెలియా. ‘బాల్దొమేరో, నీ పిల్ల మా ఇంట్లో ఏడవదు’ అన్నాను. ఎలియొదోరో చెప్పమన్నది కాదు. నోటికొచ్చింది, బాగుందని అనేశాను. ఆయన ఆ మాట పట్టుకునే ఔనన్నాడని నా అనుమానం. తర్వాత ఎన్నేళ్ళు నా దగ్గర క్షవరానికి వచ్చాడో. ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తి తిట్టినా బాగుండేది. నా చేతిలో కత్తి ఉండేది కాబట్టి తిట్టలేదేమో.”

కంపెనీ ఆఫీసు చల్లగా ఉంది. బ్రాడ్లీ నా వయసువాడే. లేచి వచ్చి చేతులు కలిపాడు, కాఫీ ఇప్పించాడు. దోన్ క్రిసోఫొరో కూచోమని రెండుసార్లు అనిపించుకుని కూచున్నాడు. ఆయన మాటలు నేను ఇంగ్లీషులోకి మార్చి చెప్తున్నాను.

“ఆయన మీ అమ్మగారు ఎలా ఉన్నారని అడుగుతున్నారు.”

“మా అమ్మా?” బ్రాడ్లీ నా వైపు చూశాడు. “బాగానే ఉంది. ఫీనిక్స్‌లో ఉంటుంది. ఎందుకు?”

“నాన్నగారు?”

“ఆయనా బాగానే ఉన్నారు. మోకాలికి ఆపరేషన్ అయింది.”

“మోకాలి కోసం మొక్కుకుంటానని చెప్పు” అన్నాడు దోన్ క్రిసోఫొరో తృప్తిగా. ఆ తర్వాత లేచి నిలబడి, టోపీ గుండెకి ఆనించుకుని అసలు మాట ఎత్తాడు. మేం ఒక ముసలాయన తరఫున వచ్చామని, ఆయన ఎప్పుడో అజ్ఞానంలో ఒక హాలుని కట్టిపడేశాడని, ఆ తాడు ఇప్పుడు మీ చేతిలో ఉందని, పెద్దమనసుతో విప్పమని. ఇంగ్లీషులో అదే మాట చెప్పేసరికి మామూలు ఆఫీసు విన్నపంలా తయారైంది.

బ్రాడ్లీ కంప్యూటర్లో వెతికాడు. “లా నోరియాలో మాకు హాలు లేదే.”

“లేదండి. షరతు ఉంది.”

“హాలు లేనప్పుడు షరతెందుకు?”

“మేమూ అదే అడగడానికి వచ్చాం.”

అతను నవ్వాడు. మంచివాడే. “నిజం చెప్పాలంటే మేం చిన్న చిన్న కంపెనీలు కొన్న ప్రతిచోటా ఇలాంటివి మా ఖాతాలో పడ్డాయి. ఎన్ని ఊళ్ళలో ఉన్నాయో ఇక్కడ ఎవరికీ పూర్తిగా తెలియదు. ఒకటి విప్పితే అన్నీ విప్పమంటారని పైవాళ్ళ భయం. అయినా పంపుతాను. మేం మళ్ళీ మీతో మాట్లాడతాం.”

“గడువు ఎంతో అడుగు” అన్నాడు దోన్ క్రిసోఫొరో.

అడిగాను.

“రెండు మూడు వారాలు అనుకోండి” అన్నాడు బ్రాడ్లీ, బుట్టలోంచి గులాబీరంగు చక్కెర రొట్టె ఒకటి తీసుకుని కొరుకుతూ.

లిఫ్టులో దోన్ క్రిసోఫొరో నా మోచెయ్యి పట్టుకున్నాడు. “రొట్టె తిన్నాడు, చూశావా? ఇవ్వడం ఇష్టం లేనివాడు తినడు.”

దోన్ ఎలియొదోరో వీధి అరుగు మీద మా కోసం కూచుని ఉన్నాడు. “కాదన్నాడా?” అన్నాడు ముందే.

“కాదనలేదండి. గడువు చెప్పాడు.”

“మంచిది. అయితే గడువులో ఉన్నాం. గడువులో ఉండగా నేను ఆ ఇంటివైపు పోకూడదు” అన్నాడు. అనడమే కాదు, ఆ రోజు నుంచి చర్చికి కూడా బాల్దొమేరో వాళ్ళ వీధి తప్పించి చుట్టుదారిన పోవడం మొదలుపెట్టాడు.

గడువు దాటింది. నేను ఫోన్ చేశాను, కబురు వదిలాను. మళ్ళీ చేశాను. ఏమీ లేదు. ఒకరోజు ధైర్యం చేసి చెప్పాను: “దోన్ ఎలియొదోరో, ఆఫీసుల్లో ‘మళ్ళీ మాట్లాడతాం’ అంటే మాట్లాడరని అర్థం. అది కాదనడమే.”

“కాదనడానికి వాళ్ళకేం భయం? అంత పెద్ద కంపెనీ. మా రోజుల్లో పూట గడవని రైతు కూడా గుమ్మడికాయ మోసుకొచ్చి గుమ్మంలో పెట్టి పోయేవాడు. వాడికున్న ధైర్యం వీళ్ళకి లేదంటావా?” అన్నాడు. “గుమ్మడికాయ రాలేదు. అంటే ఇంకా ఆలోచిస్తున్నారు.”

చదువు వల్ల నాకొచ్చిన తెలివి అంతా అదొక్కటే. ఎవరు ఏ మాటంటే అసలు అర్థం ఏమిటో తెలియడం. అది ఆయనకి అంటించలేకపోయాను.

జూన్‌లో అంపారో నన్ను ఇంటికి పిలిచింది. వంటింట్లో బీన్స్ ఉడుకుతున్నాయి. కిటికీ పక్కన కుర్చీలో బాల్దొమేరో కూచుని ఉన్నాడు, కుడిచెయ్యి ఒళ్ళో పడుకోబెట్టినట్టుగా ఉంది.

“క్రిసోఫొరో కోటు కుట్టించుకున్న రోజే నాకు తెలిసింది” అంది అంపారో. “పెళ్ళికో చావుకో తప్ప ఆయన కోటు వెయ్యడు. ఊళ్ళో పెళ్ళిళ్ళు లేవు. మా నాన్నకి చెప్పొద్దన్నది నేనే, చెప్పింది నేనే. ఇప్పుడు నీతో మాట్లాడాలట.”

బాల్దొమేరోకి ఒక్కొక్క మాటా బరువెత్తినట్టు వస్తోంది. “శాన్ ఆంటోనియో… ఏమన్నారు?”

“ఇంకా చెప్పలేదండి.”

“చెప్పరు.” సగం మొహంతో నవ్వాడు. “లిరికో నాకెందుకమ్మా? కుర్చీల్లేవు. తెర లేదు. అంతా చెప్పుల వాసన. అది అంపారో సరదా.”

“అవును, నా సరదానే. నువ్వు సినిమాలో నిద్రపోతుంటే చూడాలని” అంది అంపారో, వెనక్కి తిరక్కుండా.

ఆయన ఎడమచేత్తో నా చెయ్యి అందుకున్నాడు. “కొంపాద్రెని రమ్మను. కాయితం వద్దు. ఊరికే… రమ్మను.”

అంపారో చేతిలో గరిటె ఆగిపోయింది. కాసేపటికి మళ్ళీ కలపడం మొదలుపెట్టింది. గుమ్మం దాకా వచ్చి, “రమ్మను. ఆ కోటు మాత్రం వేసుకోవద్దని చెప్పు, నాకు నవ్వొస్తుంది” అంది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి.

నేను తిన్నగా దోన్ ఎలియొదోరో దగ్గరికి వెళ్ళాను. మొక్కలకు నీళ్ళు పడుతున్నాడు. చెప్పింది విని గొట్టం నేలమీద పెట్టాడు. నీళ్ళు చెప్పులకింద నుంచి పారుతున్నాయి.

“ఏమన్నాడు? మళ్ళీ చెప్పు.”

“కొంపాద్రెని రమ్మను అన్నారు.”

“కొంపాద్రె అన్నాడా? సెన్యోర్ కవాసోస్ అనలేదా? నన్ను సంతోషపెట్టాలని నువ్వు కల్పించలేదు కదా?”

“లేదండి. అంపారో అక్క కూడా విన్నది.”

ఆయన చాలాసేపు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఇప్పుడే బయల్దేరతాడనుకున్నాను. కారు తాళాలు చేతిలో పట్టుకున్నాను కూడా. ఆయన ఇటు తిరిగి, “అంత మాట అన్న మనిషి దగ్గరికి ఒట్టి చేతులతో అసలే పోకూడదు” అన్నాడు. “ఇంకొక్కసారి అడిగి చూడు నోయెలియా. ఒక్కసారి.”

“ఆయన వద్దన్నారండీ కాయితం. ఒంట్లో కూడా బాగా లేదు.”

“ఆయన వద్దంటాడు. అది ఆయన గొప్పతనం. తేవడం నా పని. అయినా ఆయన నాకంటే చిన్నవాడు.”

మర్నాడు ఫోన్ చేస్తే ఎవరో కొత్తమ్మాయి ఎత్తింది. బ్రాడ్లీ ఉద్యోగం పోయిందట. కంపెనీ అప్పుల్లో మునిగి దివాలా కోర్టుకెక్కింది. దేశం మీద అవసరానికి మించి తెరలు కట్టారట. తూర్పున ఇంకేదో కంపెనీ దాన్ని కొంటోందట. కాగితాలన్నీ పెట్టెల్లోకి సర్దుతున్నారు, ఎండాకాలం వెళ్ళాక చెయ్యమంది.

దోన్ ఎలియొదోరోకి చెప్పాను. ఆయన అంతా విని, “అయితే ఆ షరతు ఇప్పుడెవరిది?” అన్నాడు.

“ఈ నిమిషానికి నాకు తెలియదండి. అక్కడ వాళ్ళకి కూడా తెలియదు.”

“వాళ్ళకి పనికిరాదు. మనల్ని వదలదు. ఎవరిదో తెలియనిదాన్ని ఎవరిని అడగాలి?”

ఆయన లోపలికి వెళ్ళి టోపీ తెచ్చుకున్నాడు. ఇంట్లో వేసుకునే చొక్కాతోనే నా కారులో కూచున్నాడు. ఆ వీధి మలుపు తిరిగేటప్పుడు, “చేతిలో ఏమీ లేకపోతే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు” అన్నాడు.

అంపారో తలుపు తీసింది. ఆమె మొహం చూసి నాకు అర్థమైంది. ముందురోజు రాత్రి రెండోసారి పక్షవాతం వచ్చింది బాల్దొమేరోకి. డాక్టరు చూసి, ఆసుపత్రిలో పెట్టి లాభం లేదన్నాడు. మంచం మీద ఉన్నాడు, కళ్ళు తెరిచే ఉన్నాయి. మాట పూర్తిగా పోయింది.

దోన్ ఎలియొదోరో మంచం పక్కన నిలబడ్డాడు. అంపారో కుర్చీ జరిపింది. “కూచోండి పద్రీనో” అంది. జ్ఞానతండ్రిని పిలిచే పిలుపు అది. చిన్నప్పుడు పిలిచి ఉంటుంది.

“కొంపాద్రె, నేను వచ్చాను” అన్నాడాయన.

బాల్దొమేరో కళ్ళు పైకప్పు మీదే ఉన్నాయి.

“కొంపాద్రె, మీరు రమ్మన్నారట. ఆలస్యమైంది.”

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం ఆయనను నేనో అమ్మో దింపేవాళ్ళం. మంచం పక్కన కూచుని మాట్లాడేవాడు. గుడారం రోజులు, వరదలో కొట్టుకుపోయిన సినిమా పెట్టెలు, హాలు ముందు నీలి పెంకులు అతికిస్తూ బాల్దొమేరో నిచ్చెన మీంచి పడడం. ఒకరోజు నేను గుమ్మంలో ఉండగా క్షమాపణ అడిగాడు. చుట్టూ తిప్పలేదు. “మీ పిల్లని తీసుకెళ్ళి నోరు కట్టేశాను కొంపాద్రె. నన్ను క్షమించాలి” అన్నాడు. అడిగి, జవాబు కోసం ముందుకి వంగాడు.

బాల్దొమేరో నెమ్మదిగా కళ్ళు మూసి, మళ్ళీ తెరిచాడు.

“కళ్ళు మూశాడు, చూశారా? ఔనన్నట్టే” అంది అంపారో.

“రెప్ప వేశాడమ్మా. మనిషన్నాక రెప్ప వేస్తాడు” అన్నాడు దోన్ ఎలియొదోరో.

“విన్నాడనే అనుకోండి పద్రీనో.”

“అనుకోవడానికేం. నేను ఎండాకాలమంతా అనుకుంటూనే గదా కూచున్నాను.”

అంపారో ఆయన భుజం మీద చెయ్యి వేసింది. నేను వరండాలోకి వచ్చేశాను.

బాల్దొమేరో ఆగస్టు మొదట్లో పోయాడు. పోయినవాళ్ళ కోసం తొమ్మిది రోజులు చేసే జపమాల ప్రార్థనలన్నిటికీ దోన్ ఎలియొదోరో వచ్చి వెనక బెంచీ మీద కూచునేవాడు. చివరి రోజు కాఫీ తాగుతూ ఎవరో, “పాపం, మంచివాడు. మీ లిరికోలో మేనేజరుగా చేశాడు కదా” అన్నారు ఆయనతో. ఆయన కప్పు కింద పెట్టి, “నా లిరికో కాదు. ఆయనది. నేను అడిగి తీసుకుని పాడుచేశాను” అన్నాడు. అక్కడున్నవాళ్ళు ప్లేట్లలోకి చూసుకున్నారు. ఆ తర్వాత బార్బర్ షాపులో, బేకరీలో, పోస్టాఫీసు వరసలో, ఎవరు ఆ మాటన్నా ఆపి సరిదిద్దేవాడు. కుర్రవాళ్ళు నవ్వుకునేవారు, కావాలనే రెచ్చగొట్టేవారు కూడా. “దోన్ ఎలియొదోరో, మీ హాలు కప్పు కారుతోందట” అంటే, ఆయన ఓపిగ్గా మళ్ళీ మొదట్నుంచి చెప్పేవాడు. రెండేళ్ళు అలా చెప్పి ఆయనా పోయాడు.

షరతు ఎవరూ విప్పలేదు. తూర్పు కంపెనీని ఇంకొకరు కొన్నారు, వాళ్ళని మరొకరు. నేను ఉత్తరాలు రాశాను, ఒక్కదానికీ జవాబు లేదు. అంపారో ఆ భవనంలో లాటరీ ఆటలు ఆడించింది, ఆడపిల్లలకి పదిహేనేళ్ళు నిండినప్పుడు చేసే వేడుకలకి అద్దెకిచ్చింది, చివరికి నడుం వంగిపోయి తాళం వేసింది. మొన్న యాభై ఏళ్ళూ నిండి షరతు దానంతటదే పోయింది. నేను ఆమెకి ఫోన్ చేసి చెప్పాను. “ఇప్పుడెవరు చూస్తారే?” అంది. ఆ బొమ్మల కోసం ఎదురుచూసినవాళ్ళు ఇప్పుడు ఊళ్ళో లేరు.

ఆ భవనం దస్తావేజుల్లో బాల్దొమేరో పేరు కొన్నవాడిగా ఒకసారి, అమ్మినవాడిగా ఒకసారి ఉంది. ఆ తర్వాత కవాసోస్ పేరు, చెప్పుల కొట్టు పేరు, చివర అంపారో పేరు. ఊళ్ళో పిల్లలు ఇవాళ్టికీ దాన్ని కవాసోస్ హాలు అంటారు. సరిదిద్దడానికి ఆయన లేడు. అందుకని ఇది చదివినవాళ్ళని నేను అడుగుతున్నాను, ఆయన తరఫున, దోన్ క్రిసోఫొరో తరఫున కూడా. లా నోరియాలో లిరికో అనే హాలు ఉండేదని, అది బాల్దొమేరో ఒలివారెస్‌దని, దయచేసి గుర్తుంచుకోండి.